గలతీ 5:18లో ‘నడిపింపబడినయెడల’: ఎవరు నడిపిస్తారు, ఎవరు నడుచుకుంటారు?

విజయనగరం నుంచి ఒక సోదరి ఈ బృందంలో అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది. “మీరు ఆత్మచేత నడిపింపబడినయెడల ధర్మశాస్త్రమునకు లోనైనవారు కారు” అని గలతీయులకు రాసిన పత్రికలో (అంటే ఉత్తరంలో) పౌలు అన్నాడు కనుక, విశ్వాసికి ఇక ఏ కట్టుబాటూ లేదని చెప్పుకోవచ్చా అని వారు అడిగారు. చెప్పుకోకూడదనే నేను నమ్ముతున్నాను, అందుకు ఆధారం ఆ వాక్యంలోని క్రియలోనే ఉంది.

అదే పత్రిక మూడో అధ్యాయం 24వ వచనంలో, క్రీస్తు నొద్దకు “మనలను నడిపించుటకు” ధర్మశాస్త్రం, అంటే మోషే ద్వారా యూదులకు వచ్చిన నియమాలు, బాలశిక్షకుడైందని ఉంది. ఆ మాట వినగానే మనకు అక్షరాలు దిద్దించే పంతులో, పెద్దబాలశిక్షో మనసులో మెదులుతుంది. పౌలు వాడిన ‘పైడగోగోస్’ అనే గ్రీకు మాటకు పాఠం చెప్పేవాడని అర్థం కాదు; ఆనాటి కలిగినవారి ఇళ్లలో పిల్లవాణ్ణి బడికి తీసుకువెళ్లి, తిరిగి ఇంటికి చేర్చి, అతని నడవడిని కనిపెట్టి ఉండే దాసుణ్ణి అలా పిలిచేవారు. పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ దాసుడి పెత్తనం ఉండేది కాదు. మూలంలో ‘నడిపించుటకు’ అనే క్రియ విడిగా లేకపోయినా, ‘పైడగోగోస్’ లోపల ‘పిల్లవాడు’, ‘నడిపించు’ అనే రెండు అర్థాలూ ఇమిడి ఉన్నాయి కనుక మన అనువాదకులు దానిని పైకి తీసి చూపడం ఎంతో మెచ్చదగిన పని.

అంటే 5:18లో జరిగింది నడిపించేవారు మారడమే. బయటి నుంచి కాపలా కాసేవాడి స్థానంలో లోపల నివసించే ఆత్మ, అంటే దేవుని పరిశుద్ధాత్మ, వచ్చాడు. అక్కడితో ఆగక 25వ వచనం “ఆత్మను అనుసరించి క్రమముగా నడుచుకొందము” అంటుంది. నడిపించేది ఆత్మే అయినా నడుచుకోవలసింది మనమే. తెలుగులో నడత, నడవడి అనే మాటలు ఈ క్రియకు చుట్టాలే కావడం వల్ల ఈ బాధ్యత మన చెవికి ఇట్టే తెలుస్తుంది. ‘క్రమముగా’ అన్నది కూడా అలంకారం కాదు, అక్కడి గ్రీకు క్రియకు వరుస తప్పక అడుగు వేయడమనే అర్థం ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని కొన్ని సంఘాల్లో బొట్టు, పూలు, బంగారం విషయంలో కట్టుబాట్లు ఉన్నాయి. ఎవరైనా మనస్సాక్షిని బట్టి వాటిని మానుకుంటే నేను గౌరవిస్తాను. కానీ మానుకోని స్త్రీకి రక్షణ లేదని తీర్పు చెప్పడం, సున్నతి పొందితేనే నీతిమంతులవుతారని గలతీయులను ఒత్తిడి చేసినవారి బోధకు చాలా దగ్గరగా ఉంది. ‘దాస్యమను కాడి’ అని పౌలు అన్నది దానినే. ఆచారాలు బాగా ఎరిగిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, ఎన్నో తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి మన ఉత్తరాంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి ప్రాంతం వారే. ఒక ఆచార పట్టిక వదిలి మరొకటి పట్టుకోవడానికి ఆయన అంత దూరం రాలేదని నా నమ్మకం.

మరోవైపు, స్వాతంత్ర్యాన్ని శరీరేచ్ఛలకు సాకుగా చేసుకోవద్దని, ప్రేమతో “యొకనికొకడు దాసులైయుండుడి” అని 13వ వచనం స్పష్టంగా చెబుతోంది.

సోదరి గమనించవలసినది ఇంకొకటి ఉంది. ప్రేమ, సంతోషం, సమాధానం వంటి ఆత్మ ఫలాన్ని వివరించాక 23వ వచనంలో “ఇట్టివాటికి విరోధమైన నియమమేదియు లేదు” అని చదువుతాం. ఆ ‘నియమము’, 18వ వచనంలోని ‘ధర్మశాస్త్రము’ గ్రీకులో ఒకే మాట, ‘నోమోస్’. తెలుగులో రెండు మాటలు కావడంతో ఆ రెండు వచనాల బంధం మనకు కనబడదు. తెలుగు బైబిలు పాత ముద్రణలు ఇంట్లో ఉన్నవారు అక్కడ ఏ మాట ఉందో చూసి ఇక్కడ రాయగలరు.