‘జాలాకార’ అనే మాటను ఎక్కడ వాడాలి?

ప్రశ్న:
పిల్లల కోసం పాముల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. అన్నిటికన్నా పొడవుగా పెరిగే రెటిక్యులేటెడ్ పైథాన్ గురించి చెప్పవలసి వచ్చింది. ఒంటి మీద వల పరిచినట్టు చారలు అల్లుకుని ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ‘జాలాకార కొండచిలువ’ అని రాసి చూసుకుంటే పామే వల ఆకారంలో ఉందన్నట్టు ధ్వనిస్తోంది. బడిలో ఆకుల పాఠంలో చదివిన ‘జాలాకార ఈనెల వ్యాపనం’ (ఈనెలు వలలా అల్లుకోవడం) తప్ప ఈ మాటతో నాకు పరిచయం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
మీ అనుమానం సబబే. జాల, ఆకార అనే పదాలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి ‘వల ఆకారం గలది’ అనే అర్థాన్నిస్తాయి. మందారాకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, నడి ఈనె నుంచి చీలిన పక్క ఈనెలు ఇంకా సన్నగా చీలి, ఒకదానితో ఒకటి కలుసుకుని గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. అక్కడ జాలాకారమైనది ఈనెల అల్లిక, ఆకు కాదు. అలాగే ఇక్కడ ఆ విశేషణం చారలకు చెందాలి. లాటిన్‌లో ‘రెటిక్యులమ్’ అంటే చిన్న వల కనుక, పిల్లలకు ‘వలచారల కొండచిలువ’ అంటే మూలార్థమూ చెడదు.

జవాబు 2:
పై వివరణతో ఏకీభవిస్తాను. అయితే కొందరు ఇలాంటిచోట ‘జాలక’ అని రాస్తున్నారు, అది నాకు సమ్మతం కాదు. స్ఫటికంలోని కణాల అమరికను స్ఫటిక జాలకం అన్నప్పుడు ఆ మాట ఒకే అమరిక క్రమం తప్పకుండా మళ్ళీ మళ్ళీ వచ్చే చట్రాన్ని సూచిస్తుంది. పాము చర్మంలో అంతటి క్రమం ఉండదు. ప్రసంగవశాత్తు ఇంకొక మాట: ఏకదళబీజ మొక్కలన్నిటికీ, అంటే వరిలా గింజలో ఒకే బీజదళం ఉండేవాటికి, సమాంతర ఈనెలే ఉంటాయనుకోకండి, పెండలం తీగ ఆకులో ఈనెలు వలలాగే అల్లుకుంటాయి.

జవాబు 3:
కిటికీకి బిగించే జాలీని దృష్టిలో పెట్టుకుని ‘జాలి చారలు’ అని మాత్రం రాయకండి, చదివేవారికి పాము మీద దయ కలుగుతుంది! ఖర్బూజా తొక్క మీది గీతలతో పోల్చి చెబితే పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. శీర్షికలో ‘వలచారల కొండచిలువ’ అని ఉంచి, లోపల ఒక్కసారి ‘జాలాకారపు చారలు’ అని రాసి, ఖర్బూజా పోలికను దాని పక్కనే చేరుస్తాను.