మిర్యాలగూడకు రోజంతా ప్రయాణం: దారిలో ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ కోడలు

మా అత్తగారి ఊరు మిర్యాలగూడ. పండగైనా పెళ్లైనా పొద్దున్నే కారెక్కుతాం, నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరుగుతాం, టిఫిన్ అరిగేలోపు ఇంట్లో ఉంటాం. మధ్యలో ఆగేది టోల్‌గేటు దగ్గరే. ఇన్నేళ్లలో నల్లగొండ నాకు బైపాస్ బోర్డుగానే తెలుసు. ఈసారి చీకటి పడేలోపు చేరితే చాలనుకుంటున్నా. మావారేమో "ఆ కాస్త దారికి రోజంతానా?" అంటున్నారు. మామయ్యగారు కూడా వస్తున్నారు, ఆయనకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. చిట్యాల నుంచి వాడపల్లి దాకా ఐదారు చోట్లు చెప్తే లిస్టు రాసుకుంటా.

జవాబు: రిటైర్డ్ కండక్టర్

లిస్టు వద్దమ్మా. ఐదారు చోట్ల పదేసి నిమిషాలు ఆగితే మీ కారు ఆర్డినరీ బస్సవుతుంది. నేను ఆ రూట్లో టికెట్లు కొట్టినవాణ్ణే. ప్రతి స్టేజీలో ఆగాను, ఒక్క ఊరూ చూళ్లేదు. రెండే చెప్తా.

మొదటిది పానగల్లు, నల్లగొండను ఆనుకునే ఉంటుంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. బయట పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ జరగదు. అది నేరుగా పడే ఎండ వల్ల వచ్చేది కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురు వల్ల వస్తుందని చదువుకున్నవాళ్లు చెప్తారు. చాలామంది వస్తారు, ఫోన్లో ఫొటో తీసుకుని పోతారు. నీడ ఎక్కడైనా పడుతుంది, కదలకపోవడమే కదా ఇక్కడి వింత! అది ఐదు నిమిషాల్లో ఏం తెలుస్తుంది?

అందుకని పొద్దున ఒకసారి చూడండి. తర్వాత ఆ ఊళ్లోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయానికి పోండి. స్తంభాల మీద రామాయణ, భారత కథలు చెక్కారు, మ్యూజియం కూడా ఉంది. ఉదయసముద్రం కట్ట మీద కూర్చుని, కట్టుకొచ్చిన పులిహోర తినండి. మధ్యాహ్నం దాటాక మళ్లీ వెళ్లి నీడను చూడండి.

రెండోది వాడపల్లి. మిర్యాలగూడ దాటాలి కాబట్టి మర్నాటికి పెట్టుకోండి. హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే మూసీ అక్కడే కృష్ణలో కలుస్తుంది. లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తులో ఉన్నది రెపరెపలాడుతుంది, కింది దీపం నిలకడగా వెలుగుతుంది. అది స్వామి ఊపిరని భక్తుల నమ్మకం. జనంలో తోసుకుంటూ పోతే ఆ తేడా కంటికి ఆనదు. రద్దీ లేని రోజు చూసుకుని పోండి.

జవాబు: తిప్పర్తి వాణ్ణి

బాబాయ్ చెప్పింది బాగుంది గానీ, ఎండాకాలమైతే పెద్దాయన్ని మిట్టమధ్యాహ్నం చెరువుకట్ట మీద కూర్చోబెట్టకండి. మా నల్లగొండ ఎండ సంగతి మీకు తెలియదు.

అయినా ఆగడానికి గుళ్లే కావాలా? ఏప్రిల్, మే నెలల్లో వస్తే రోడ్డు పక్కన తాటిముంజలు కనిపిస్తాయి. వాటిని పార్సిల్ కట్టించుకుని ఏసీ కార్లో తినేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. కొట్టి ఇచ్చేవాడి ముందే నిలబడి, కాయలో బొటనవేలు పెట్టి తీసుకుని తినాలి. చొక్కా మీద నీళ్లు కారితే కారనీయండి. సీజన్ కాకపోతే బత్తాయిలు. తోట ఎవరిదో, ఈసారి కాపు ఎలా ఉందో అడిగితే అమ్మేవాళ్లు మాటల్లో పడి రెండు కాయలు ఎక్కువేస్తారు. (అన్నిసార్లూ కాదు.)

జవాబు: కిటికీ సీటు

కారు మానేసి రైలెక్కండి. బీబీనగర్ దగ్గర గుంటూరు వైపు తిరిగి రామన్నపేట, చిట్యాల మీదుగా వెళ్లే లైను. వందేభారత్ నల్లగొండలో ఆగుతుంది కానీ మీక్కావాల్సింది అది కాదు, ప్యాసింజర్. క్రాసింగ్ కోసం ఆపితే ఎంతసేపో తెలియదు. ఎదుటి సీటు వాళ్లు టిఫిన్ డబ్బా విప్పి ముందు మీకే పెడతారు.

దిల్‌సుఖ్‌నగర్ కోడలు

అందరికీ థాంక్స్. రైలు ఈసారికి కుదరదు, మామయ్యగారితో ప్లాట్‌ఫాం మారడమంటే నాకు టెన్షన్. పానగల్లు ఖాయం. నీడ రెండోసారి చూడ్డానికి మావారూ ఒప్పుకున్నారు. మధ్యలో నల్లగొండలో బిర్యానీ హోటల్ మాత్రం తనే చూస్తారట. ముంజలకు నేనూ, పిల్లాడూ రెడీ.

ఇంతకీ బాబాయ్, ఆ గుడికి మెట్లు ఎన్ని, కారు ఎంత దగ్గరిదాకా వస్తుందో చెప్పనేలేదు!