ఆపరేషన్ అయిన ఇంటికి వండి పంపేటప్పుడు: పథ్యమా, అందరూ తినే కూరా?

కాజీపేట_కోడలు:
మా వాడకట్టులో ఒక అక్కకు గర్భసంచి ఆపరేషన్ అయింది, మొన్ననే ఇంటికి తెచ్చారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చిన్నది ఒకటో తరగతి. షుగర్ ఉన్న అత్తమ్మ. ఆయనది రైల్వేలో షిఫ్టు డ్యూటీ, పెట్టిన సెలవు అయిపోయింది. అక్క పుట్టింటివాళ్లు దగ్గర్లో లేరు. అందుకని నాలుగైదు ఇళ్లవాళ్లం వంతులేసుకుని రాత్రి భోజనం పంపుదామనుకున్నాం. గ్రూపులో అప్పుడే పంచాయితీ మొదలైంది. ఆమెకు పథ్యం కూర పంపితే చాలు, మిగతావాళ్లు ఏదో ఒకటి తింటారని ఒకరు. ఆ 'ఏదో ఒకటి' అంటే నూడుల్సే అవుతుంది, ఇంటిల్లిపాదీ తినేటట్టు వండాలని ఇంకొకరు. మీరైతే ఏం పంపుతారు?

ఎల్లిపాయ_కారం:
పథ్యమే. ఇందులో అడిగేదేముంది? కడుపు కోసి కుట్టిన మనిషికి బీరకాయ, పొట్లకాయ, ఎల్లిపాయ కారం, మిరియాల చారు. పైన నెయ్యి. వంకాయ వద్దు, పుంటికూర అసలే వద్దు. పప్పు మాత్రం చచ్చినా పెట్టొద్దు, కుట్లు చీము పడతాయి. మా ఇంట్లో బాలింతలందరికీ వండిపెట్టిన చేతులివి. పిల్లలంటారా, ఇంత ఆలుగడ్డ వేపుడు చేసి ఇస్తే వాళ్లే తింటారు.

మక్కగట్క:
పప్పుతో చీము పడితే మన జిల్లాలో ఒక్క కుట్టు కూడా మానకపోవు అక్కా.

నైట్_డ్యూటీ:
హన్మకొండలో నర్సుగా చేస్తున్నాను, సర్జికల్ వార్డే. ఈ పప్పు మాట డిశ్చార్జి రాసిన ప్రతిసారీ వింటాం. చీము పట్టేది గాయంలో క్రిములు చేరితే, పప్పు తింటే కాదు. గాయం మానాలంటే ఒంటికి ప్రొటీన్ కావాలి. మన ఇళ్లలో అది దొరికేదే పప్పు, గుడ్డు, పెరుగులో. అవన్నీ మాన్పించి చారు మెతుకులతో సరిపెడితే మానేదానికే ఎక్కువ రోజులు పడుతుంది. కందిపప్పు గ్యాస్ పట్టేవాళ్లుంటారు, వాళ్లకు మొదట్లో పెసరపప్పు పలచగా వండండి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కొన్ని నొప్పి మందులకు మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల దగ్గర ప్రాణం పోతుంది. కాబట్టి కూరగాయ, ఆకుకూర, నీళ్లు బాగా ఉండాలి. డాక్టరు ఏదైనా ప్రత్యేకంగా వద్దన్నారేమో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి.

ఇంటిల్లిపాదికీ అంటే రెండు వంటలు అక్కర్లేదు. ఆనిగెపుకాయ పెసరపప్పు కారం లేకుండా వండండి. పెద్దవాళ్లు కలుపుకునేందుకు తొక్కు చిన్న డబ్బాలో వేరే పెట్టండి. పిల్లలకు ఎర్రగా కనిపించాలంటే మన వరంగల్ చపాట మిర్చి పొడి వాడండి. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసే ఉంటారు. రంగు మస్తుగా ఉంటుంది, ఘాటు తక్కువ. అత్తమ్మకు జొన్నరొట్టె మంచిదే కానీ జొన్న కదా అని నాలుగు తింటే షుగర్ పెరుగుతుంది. రొట్టె తగ్గించి కూర ఎక్కువ పెట్టాలి.

అన్నం మాత్రం పంపకండి. కుక్కర్లో ఇంత బియ్యం ఆయనైనా పెట్టుకుంటాడు. వండిన అన్నం బయట గంటలకొద్దీ ఉంటే అందులో ఒక రకం క్రిమి పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. రెండు గంటలకు మించి బయట పెట్టొద్దు, మన ఎండల్లో గంటే లెక్క.

నయీంనగర్_నాని:
గుడ్డు పులుసు. అన్ని వయసుల వాళ్లకూ ఒకటే మందు.

ఎల్లిపాయ_కారం:
నర్సమ్మా, నువ్వు చదువుకున్నదానివి, కాదనను. మా ఆడబిడ్డకు పెద్దాపరేషన్ అయినప్పుడు వద్దంటే వినకుండా మూడో నాడే పప్పుచారు పోశారు. కుట్లు ఊడి మళ్లీ వేయాల్సి వచ్చింది. నేను కళ్లారా చూశాను.

నైట్_డ్యూటీ:
అక్కా, ఆమెకు షుగర్ ఉందా?

ఎల్లిపాయ_కారం:
ఉంది. అయితే?

మక్కగట్క:
ఇంకేం అయితే?

ఎల్లిపాయ_కారం:
షుగర్ పెళ్లినాటి నుంచి ఉంది. కుట్లు ఊడింది పప్పుచారు తాగిన తెల్లారే.

సుబేదారి_సారు:
ఈ చర్చంతా చదివాను. హన్మకొండలో సందుకో కర్రీ పాయింట్ ఉంది. అది నచ్చకపోతే తలా కొంత వేసి పదిహేను రోజులకు ఒక వంటామెను పెట్టండి. ఏం వండాలో ఆ ఇంటావిడే మంచం మీద నుంచి చెబుతుంది. మీకూ శ్రమ ఉండదు, ఆమెకూ మొహమాటం ఉండదు. పప్పు మీద ఇంత రాద్ధాంతం దేనికి?

కాజీపేట_కోడలు:
కర్రీ పాయింట్ కూరలో నూనె ఎంత తేలుతుందో తెలుసు కదా సార్. ఆ కారం చిన్నపిల్ల నోట పెట్టదు. వంటామె మాట బాగానే ఉంది కానీ పదిహేను రోజుల కోసం ఎవరు దొరుకుతారు?

సాయంత్రం_చాయ్:
సారు, మీ ఇంట్లో క్యారియర్ కట్టేది ఎవరో ముందు చెప్పండి.

సద్దుల_మూట:
మా ఇంటి నుంచి ఎవరికి పంపినా సద్దులే. చింతపండు పులిహోర, నువ్వుల సద్ది. బతుకమ్మకు కట్టుకుపోయేవే. పులిహోర పుల్లటిది కాబట్టి మామూలు అన్నం కన్నా ఆగుతుంది. రెండూ చల్లగా ఉన్నా తినొచ్చు, పిల్లలకు పొద్దున స్కూలు బాక్సులోకి పనికొస్తాయి. అందరూ రాత్రి భోజనమే అంటారు, పొద్దున ఎనిమిదింటికి ఆ పిల్లల బాక్సులు ఎవరు కడుతున్నారో ఎవరూ అడగరు.

సాయంత్రం_చాయ్:
డబ్బాల సంగతి కూడా చూడండి. స్టీలు క్యారియర్ పంపితే తోమాలి, తిరిగివ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదని పిడికెడు చక్కెరన్నా పోసిస్తారు. మంచంలో ఉన్నామెకు ఆ టెన్షన్ అవసరమా?

ఎల్లిపాయ_కారం:
పాత డబ్బాల్లో పంపేది ఎంగిలి కూర. మంచి కూర మంచి గిన్నెలోనే పంపాలి. చక్కెర పోస్తే ఏం అరిగిపోతారు?

సుబేదారి_సారు:
అమ్మా, ఆ గిన్నెల సంగతి నాకు చెప్పకండి. నా భార్యకు క్యాన్సర్. కీమో ఎక్కించిన వారమంతా ఆమెకు తాలింపు వాసన తగిలితే వాంతి. ఊరంతా ప్రేమ చూపించారు, కాదనను. బగారన్నం, కోడికూర, బలానికని మటన్ పాయ. నేనూ మా అబ్బాయీ వాసన రాకుండా ముందు గది తలుపేసుకుని, కిటికీ తెరుచుకుని దొంగల్లాగా తినేవాళ్లం. ఆమె లోపల నుంచి "తిన్నారా" అని అడిగేది. ఆమెకు సహించింది చల్ల పోసిన గట్క ఒక్కటే. అది పంపినవాళ్లు ఒక్కరూ లేరు, ఎందుకంటే ఏం తింటావమ్మా అని అడిగినవాళ్లే లేరు. గట్క పంపితే పరువేముంటుంది! పైగా ఏ మూత ఏ గిన్నెదో నాకు తెలియదు. ఒకావిడ గుమ్మంలో నిలబడి ఈ మూత మాది కాదని వాదన పెట్టుకుంది, లోపల మనిషి వాంతి చేసుకుంటుంటే.

అందుకే చెబుతున్నా. అడిగి పంపండి, అడగలేకపోతే పంపడం మానండి. మీలాంటివాళ్లు వండేది రోగి కోసం కాదు, మీ చేతివంట పేరు కోసం, పుణ్యం కోసం.

మక్కగట్క:
సారు, అంత మాట అక్కర్లేదు.

ఎల్లిపాయ_కారం:
ఉండు తమ్మీ, అననీ.

పుణ్యం అన్నారు కదా సారు. మీ ఇంట్లో జరిగినదానికి బాధే, అమ్మకు గట్క పోయకపోవడం తప్పే. కానీ అడగమంటున్నారు చూడండి, అడిగితే మన దగ్గర ఏమంటారు? "అయ్యో, ఏం వద్దమ్మా, మీకెందుకు శ్రమ." నోరు తెరిచి ఆకలి అన్నవాళ్లను ఎవరినైనా చూశారా? అందుకే గిన్నె పట్టుకుని పోవాలి, పొయ్యి మీద పెట్టి రావాలి.

ఇంకోటి చెబుతా. మా వీధిలో ఒకాయన పోయాడు. మూడొద్దులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇళ్లవారీగా పంపుదామన్నారు. మీరు చెప్పినట్టే పద్ధతిగా, ముందు వాళ్లను అడిగి వస్తామని ఇద్దరు పోయారు. వచ్చి కాగితం రాశారు. పక్కింటికి పప్పు, ఆ పక్కింటికి చారు, ఎదురింటికి కూర. మాకు పాల ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అంతా మర్యాదే. "మీకు శ్రమ ఎందుకని" అన్నారు.

అంతకుముందు అదే ఇంటికి నేను అడగకుండా బీరకాయ కూర తీసుకుపోతే ఆమె నవ్వుకుంటూ తీసుకునేది. మర్నాడు గిన్నె తెచ్చిచ్చేది మాత్రం వాళ్ల పనామె. "కూర మంచిగుండెనమ్మా" అని ఆమే చెప్పేది. నాకు అర్థం కాదా? అయినా గిన్నె లోపలికైతే పోయేది. అడిగే పద్ధతి పెట్టిన నాటి నుంచి గుమ్మం దాకా కూడా లేదు.

నయీంనగర్_నాని:
ఇందులోకి కులం ఎందుకు తెస్తారక్కా? ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు?

ఎల్లిపాయ_కారం:
నేను కులం అనే మాటే రాయలేదు నాని. నీకెట్లా తెలిసింది?

సాయంత్రం_చాయ్:
నాని, జవాబు చెప్పు.

సుబేదారి_సారు:
నేను రోగి ఏం తినగలదో చెబుతున్నాను. మీరు దాన్ని వేరే దారి పట్టిస్తున్నారు. వాళ్ల తప్పుకు నా సలహా ఏం చేస్తుంది?

ఎల్లిపాయ_కారం:
మీ సలహానే వాళ్లకు సాకైంది సారు. "వాళ్లనే అడిగాం, వాళ్లే చెప్పారు" అంటే ఇక ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

సుబేదారి_సారు:
అందుకని మంచంలో ఉన్న మనిషి తనకు పడనిది కూడా మింగాలా? మీ గిన్నె లోపలికి పోవడం ముఖ్యమా, ఆమె కడుపులో నిలవడం ముఖ్యమా?

ఎల్లిపాయ_కారం:
నాకు రెండూ ముఖ్యమే. మీకు మొదటిది ఎప్పుడూ అడ్డం రాలేదు కాబట్టి చిన్నదనిపిస్తుంది.

నైట్_డ్యూటీ:
నేనైతే అడగమనే అంటాను. కానీ "ఏమన్నా కావాలా" అని అడిగితే అక్క చెప్పిన జవాబే వస్తుంది. "రేపు గుడ్డు పులుసా, టమాట పప్పా" అని అడగండి. ఏ వంట అనేది వాళ్లు చెప్పాలి, ఎవరి చేతి వంట అనేది వాళ్లను అడగొద్దు. వంతుల కాగితం పంపేవాళ్ల దగ్గరే ఉంచుకోండి.

మక్కగట్క:
పంపేవాళ్లలో ఒకరు ఊరుకుంటే కదా. "ఇది ఎవరింటిది" అని ఫోన్ చేసి చెప్పేవాళ్లు ప్రతి వాడకట్టులోనూ ఉంటారు.

కాజీపేట_కోడలు:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ పొద్దున వాళ్లింటికి వెళ్లి పెద్ద పిల్లాడిని అడిగాను. వాడికి ఇంకా మొహమాటం రాలేదు, గడగడా చెప్పేశాడు. చెల్లెలికి కారం వద్దు, నానమ్మ రాత్రి రొట్టె తింటుంది, అమ్మకు గుడ్డు పులుసు ఇష్టం, పొట్లకాయ ఎవరూ తినరు. అన్నం వాళ్ల నాన్నే వండుతున్నాడట. మేం ఐదిళ్లం కూర, పప్పు, రొట్టెలు వంతులేసుకున్నాం. అందరిదీ వండిందే, పాలూ నీళ్లూ ఎవరికీ రాయలేదు. పొద్దున బాక్సులకు వారంలో రెండు రోజులు సద్దులు. క్యారియర్లు బంద్, ఐస్‌క్రీం డబ్బాల మూత మీద "తిరిగి ఇవ్వొద్దు" అని పెన్నుతో రాసి పంపుతున్నాం.

నైట్_డ్యూటీ:
వేడి పులుసు ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో పోయకండి. పాత స్టీలు గిన్నెలుంటే వాటి మీదే అలా రాయండి.

ఎల్లిపాయ_కారం:
మూడో నాడు దాకా అయినా పప్పు ఆపండి.

సుబేదారి_సారు:
పిల్లాడిని అడగడమేంటి? తినాల్సింది ఆమె. ఆమెనే అడగాల్సింది.

కాజీపేట_కోడలు:
ముందు అక్కనే అడిగాను సార్. ఏం వద్దంది.