కొలిస్టిన్ పరీక్షపై నిపుణుల ఆన్‌లైన్ ఉపన్యాసాలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. నేను ఒక జిల్లా ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థంలో) సరిగా వ్యాపించదు కాబట్టి, మందు డిస్కును అగార్‌పై పెట్టి చూసే మామూలు డిస్క్ పరీక్షను (డిస్క్ డిఫ్యూజన్‌ను) నమ్మలేమన్నది తెలిసిందే. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవ మాధ్యమంలో మందును వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే పరీక్ష) రోజువారీగా చేసే వసతి మాకు లేకపోవడంతో, సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు రూపొందించే అమెరికా సంస్థ) అనుమతించిన డిస్క్ ఎల్యూషన్ పద్ధతిని, అంటే 10 మి.లీ. బ్రాత్ ఉన్న నాలుగు గాజు గొట్టాల్లో వరుసగా 0, 1, 2, 4 కొలిస్టిన్ డిస్కులు వేసి ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మందు గాఢత) చూసే పద్ధతిని, మొదలుపెట్టాలనుకుంటున్నాం.

దీన్ని నిపుణులు చేసి చూపిస్తూ, ముఖ్యంగా ఎంఐసీ 2, 4 మధ్య ఫలితం ఊగిసలాడినప్పుడు ఏం చేయాలో, నాణ్యతా నియంత్రణకు ఏ స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు) వాడాలో వివరించిన ఉచిత ఉపన్యాసాలు ఎవరైనా చూశారా? యూకాస్ట్ (ఇలాంటి ప్రమాణాలు రూపొందించే యూరప్ సంస్థ) వీడియోలు చక్కగా ఉన్నా అవి డిస్క్ డిఫ్యూజన్ గురించినవి. రికార్డింగ్ అయితే మేలు. ప్రత్యక్ష ప్రసారాల వేళకు మేము శాంపిళ్లతో తలమునకలై ఉంటాం. సిద్ధాంతం మాత్రమే చెప్పే స్లైడ్లు దయచేసి సూచించవద్దు.