అప్‌డేట్: పాపకి పిక్టోగ్రాఫ్ (బొమ్మలతో సంఖ్యలు చూపించే పటం) లెక్కలు వచ్చేసినాయి
మా నాలుగో క్లాసు పాప బొమ్మలు లెక్కపెట్టి అదే ఆన్సర్ రాసేస్తోంది, స్కేలు (ఒక్కో బొమ్మ అంటే ఎన్ని అనేది) చూడట్లేదు, సగం బొమ్మ వస్తే ఆగిపోతోంది అని అడిగినా కదా. ముందు గీయించండి అని ఒకరు చెప్పినారు, అదే పనిచేసింది. మాది అనంతపురం పక్కన పల్లె, అందుకే శెనక్కాయ మూటలే తీసుకున్నాం, ఒక బొమ్మ అంటే 10 మూటలు అని పైన తనతోనే రాయించినా. పెదనాన్నోళ్లవి 35 మూటలు, మూడు బొమ్మలు గీసి మిగతా 5కి ఏం చేయాల అని కాసేపు పెన్సిల్ కొరుక్కుంటా కూచుని, సగం మూట గీసేసింది! తర్వాత స్కేలు 20కి మార్చి 50 గీయమంటే రెండున్నర గీసి, ఇప్పుడు సగమంటే 10 కదా నాయనా అనింది, భలే సంతోషమైంది. ఇంకోటి, బొమ్మలన్నీ ఒకే సైజులో గళ్ల పేపర్ మీద గీయించండి, లేకుంటే పెద్ద బొమ్మలున్న వరసే ఎక్కువనిపిస్తాది. అందరికీ చాలా థాంక్స్ అండి.