లైన్ ప్రింటర్: కుడివైపు మసక, మధ్యమధ్యలో జామ్, ఎక్కడ మొదలుపెట్టాలి?

లెడ్జర్ గుమాస్తా:
మా లైన్ ప్రింటర్ (లైను మొత్తం ఒకేసారి కొట్టేది) మూడు రోజులుగా ఏడిపిస్తోందండి. 132 కాలమ్‌ల రిపోర్టు తీస్తే ఎడమవైపు నల్లగా వస్తోంది, కుడివైపుకి పోయేకొద్దీ పాలిపోయి 3 ఏదో 8 ఏదో తెలీట్లేదు. దానికితోడు పాతిక పేజీలకోసారి పేపర్ జామ్. రిబ్బన్ కొత్తదే. సెల్ఫ్ టెస్ట్ (కంప్యూటర్‌తో పనిలేకుండా ప్రింటర్ తనే తీసే పేజీ) కొట్టినా అదే మసక. రెండూ ఒకటే జబ్బా, వేర్వేరా? నెలాఖరు రిపోర్టులన్నీ ఆగిపోయాయి.

రాత్రి షిఫ్టు:
సెల్ఫ్ టెస్ట్‌లో కూడా వస్తోందంటే కేబుల్, సర్వర్ జోలికి పోకండి, అది ప్రింటర్ లోపలి గొడవే. మాకు దీనికి తిరగబడ్డ కేసు, టెస్ట్ పేజీ శుభ్రంగా వచ్చేది, అసలు రిపోర్టు మాత్రం అంతా ఒకే లైను మీద పడి కాగితం చిరిగేదాకా కొట్టేది. రెండు రోజులు డ్రైవర్లు మార్చాను. చివరికి హెక్స్ డంప్ (ప్రింటర్‌కి వచ్చే కోడ్‌లని ఉన్నవి ఉన్నట్టు అచ్చేసేది) తీసి చూస్తే లైను చివర 0D (లైను మొదటికి రమ్మనే కోడ్) వస్తోంది, 0A (కాగితం ఒక లైను జరపమనే కోడ్) లేదు! లైను మొదటికి వచ్చినట్టే అనుకుంటోంది గానీ కాగితం కిందికి దిగట్లేదు. ముందే డంప్ తీసుంటే అరగంట పని.

పాత రిబ్బన్:
కొత్త రిబ్బన్ అంటే ఎవరి మాట? షాపుల్లో ఇంకు ఆరిపోయినవీ అమ్ముతారు. నేనైతే పాతదానికే స్టాంప్ ప్యాడ్ ఇంకు పట్టించి వాడతా, నల్లగా వస్తుంది.

హ్యామర్ మేస్త్రి:
అయ్యా ఆ సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. రిబ్బన్ ఇంకులో నూనె ఉంటుంది, హ్యామర్ (అచ్చు కొట్టే చిన్న సుత్తి) కొనలకి అదే గ్రీజు. స్టాంప్ ప్యాడ్ ఇంకు చాలావరకు నీళ్లతో చేసింది, ఆరితే కొనల దగ్గర గడ్డకడుతుంది.

పాత రిబ్బన్:
నాలుగేళ్లుగా వాడుతున్నా, ఏమీ కాలేదు. మీరు రిబ్బన్లు అమ్ముకునేవాళ్లా?

హ్యామర్ మేస్త్రి:
అమ్ముకోను, రిపేర్ చేస్తాను. పద్దెనిమిదేళ్లుగా బ్యాండ్ ప్రింటర్లూ (తిరిగే పట్టీ మీద అక్షరాలుండేవి) లైన్ మ్యాట్రిక్సూ (చుక్కలతో అక్షరం కట్టేవి) రెండూ విప్పి బిగించినవాణ్ణి. అలా గడ్డకట్టిన హ్యామర్ బ్యాంక్‌ని (హ్యామర్ల వరసని) గుడ్డతో ఒక్కొక్క కొనా తుడుస్తూ మూడు గంటలు కూర్చున్నా, అయినా రెండు హ్యామర్లు తిరిగి రాలేదు. మీ మిషన్‌కి ఇంకా కాలేదంటే మీ అదృష్టం.

రాత్రి షిఫ్టు:
ఇద్దరూ ఆగండి, అడిగినాయనకి పని ఆగిపోయింది.

హ్యామర్ మేస్త్రి:
సరే. గుమాస్తాగారూ, లోపం ఎక్కడ రిపీట్ అవుతోందో చూడండి, అదే చెప్తుంది. బ్యాండ్ ప్రింటర్‌లో ఒకే అక్షరం పేజీ అంతా విరిగొస్తే బ్యాండ్ మీద ఆ అక్షరం అరిగింది. ఒకే కాలమ్‌లో అన్ని అక్షరాలూ పోతే ఆ హ్యామర్. లైన్ మ్యాట్రిక్స్ అయితే ప్రతి లైనులో అదే చోట చుక్కలు మాయమవుతాయి. మీది ఈ మూడూ కాదు, మెల్లమెల్లగా పాలిపోతోంది, అంటే కుడివైపు ప్లాటెన్ (దెబ్బ పడేటప్పుడు కాగితానికి ఆనుగా ఉండే కడ్డీ) గ్యాప్ ఎక్కువై ఉండాలి, లేదా రిబ్బన్ అంచుకి జరిగి నడుస్తుండాలి. పవర్ తీసేసి చూడండి. ట్రాక్టర్లు (పేపర్ అంచు కన్నాల్లో పళ్లు పెట్టి లాగేవి) ఎంత బిగువుగా పెట్టారు?

కౌంటర్ మూడు:
నాకూ ఒకటి చెప్పండి, రిపోర్టు పేజీపేజీకీ కొంచెం కిందికి జారిపోతోంది.

లెడ్జర్ గుమాస్తా:
దొరికిందండీ! కుడి ట్రాక్టర్‌ని ఎవరో బయటికి లాగి బిగించేశారు, పేపర్ డప్పులా ఉంది. అంచు కన్నాలన్నీ గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయాయి. అక్కడ చిరిగిన ముక్క ఒకటి నాలుగు మడతలు పడి ప్లాటెన్ కుడి కొసన ఇరుక్కుంది, ఆ వైపు పూర్తిగా మూసుకోవట్లేదు. ట్వీజర్‌తో లాగేసి, పేపర్ ముడత పడనంత మాత్రమే బిగించి 200 పేజీలు తీశా, జామ్ లేదు, చివరి కాలమ్ దాకా నలుపే. చాలా థాంక్సండి మేస్త్రిగారూ.

పాత రిబ్బన్:
చూశారా, ఇంకు గొడవే కాదు.

హ్యామర్ మేస్త్రి:
ఇక్కడ కాదు, ఒప్పుకుంటా. ఆ ఇంకు మాత్రం మానండి. కౌంటర్ మూడుగారూ, మీ పేపర్ 11 అంగుళాలదేనా? అంగుళానికి 6 లైన్లయితే పేజీకి 66. పేజీ పొడవు సెట్టింగ్‌లో 72 ఉందేమో చూడండి, అది 12 అంగుళాల పేపర్‌ది, అప్పుడు పేజీకి 6 లైన్లు జారుతుంది.

కౌంటర్ మూడు:
72 ఉంది సార్. మార్చి మళ్లీ తీస్తున్నా.