‘నిప్పు దాటి వెళ్లారు’ అనడానికి తెలుగులో ఏం రాయాలి?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లో బ్రైటన్ దగ్గర ప్యాచమ్ ఊరి పైన, గొర్రెలు మేసే గడ్డికొండల మీద ఒక తెల్ల పాలరాతి ఛత్రి (గొడుగులాంటి గుమ్మటమున్న స్మారక మండపం) ఉంది. కారు పోదు, నడిచే వెళ్లాలి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను దహనం చేసింది అక్కడే. 1921లో ఆవిష్కరించారు. వాళ్లు అక్కడ ‘నిప్పు గుండా దాటి వెళ్లారు’ అనే అర్థంలో శాసనం ఉంది. మా సంఘం పత్రికకు రాస్తున్నాను. ‘అగ్నికి ఆహుతయ్యారు’ అనొచ్చా? ఆ చోటును ‘సైనిక సమాధులు’ అంటే సరిపోతుందా?

సమాధానం:
ఆహుతి వద్దండీ. హోమంలో వేసేది ఆహుతే, కాదనను. కానీ ‘షార్ట్ సర్క్యూట్‌తో పూరిళ్లు అగ్నికి ఆహుతి’ అని పేపర్లలో చదివీ చదివీ ఆ మాట ప్రమాదాలకే అతుక్కుపోయింది. ఆసుపత్రి తగలబడిందనుకుంటారు! ‘అగ్నిసంస్కారం జరిగింది’ అనండి.

సమాధులూ కుదరవు. అస్థికలు సముద్రంలో కలిపేశారు. చితులు పేర్చిన దిమ్మెల మీద మూడు గ్రానైట్ పలకలు మాత్రం ఉన్నాయి. ఆ 53 పేర్లు చెక్కిన రాయి 2010లో గానీ రాలేదు. దహనం జరిగిన చోటుకు మనకు ‘కాడు’ ఉండనే ఉంది. హరిశ్చంద్ర కాపలా కాసింది కాటినే కదా.

మరో సమాధానం:
ముస్లిం సైనికుల సంగతీ రాయండి. వాళ్లను ఇంగ్లండ్‌లోనే వోకింగ్ ఊరి మసీదు దగ్గర ఖననం చేశారు. అక్కడ అల్లరిమూకల బెడద ఎక్కువై 1968లో సమాధులను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి మార్చారు. ‘సమాధి’ అనే మాట వాళ్ల విషయంలో సరిగ్గా సరిపోతుంది.

ఇంకొకటి. అదే శాసనంలో ‘సోదర ప్రేమతో’ అనీ ఉంది. ఆ మాటను నేనైతే యథాతథంగా మింగను. బ్రైటన్ రాజభవనంలో పెట్టిన ఆసుపత్రిలో కులమతాలకు తగ్గట్టు తొమ్మిది వంటశాలలు నడిపారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఇక్కడ చిన్న తప్పు జరిగినా ఇండియాలో గొడవలు లేస్తాయన్న భయమూ అందులో ఉంది. ఆ ఊళ్లోనే ఉన్న కిచెనర్ ఆసుపత్రిలోనైతే సిపాయిలను ఊళ్లోకి స్వేచ్ఛగా తిరగనివ్వలేదు.

ప్రశ్న వేసినవారు:
అగ్నిసంస్కారం బాగుంది గానీ ‘దాటడం’ పోతోంది. ‘అగ్నిపునీతులు’ అంటే?

సమాధానం:
అమ్మో, సీతమ్మ పరీక్ష గుర్తొస్తుంది. వీళ్లు రుజువు చేసుకోవాల్సిందేముంది? దాటడమే కావాలంటే ‘ఈ చితుల మీదుగా సాగిపోయారు’ అనండి. ‘మీదుగా’ చూస్తే బస్సు బోర్డు గుర్తొస్తుందని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. శీర్షికకు ‘ప్యాచమ్ కాటి ఛత్రి’ చాలు. ‘అమరవీరుల’ అని ముందు తగిలించకండి, ఆ మాట ఇప్పటికే ఫ్లెక్సీల్లో అరిగిపోయింది.